మాల వేసుకుని కోతుల గదిలోకి వెళ్లొచ్చా?



సుందరకాండ సిరీస్‌లో అశోకవనం వీడియో పెట్టిన రెండు రోజులకి ఒక వీక్షకుడి నుంచి మెయిల్ వచ్చింది. హైదరాబాద్‌లో మందుల పరిశోధన చేసే ఒక ల్యాబ్‌లో, జంతువుల విభాగంలో ఆయన ఉద్యోగం. హనుమాన్ మాల వేసుకున్నారు, 41 రోజుల దీక్ష. "తెల్లవారుజామున స్వామికి పూజ చేసి, తొమ్మిదింటికి కోతుల గదిలోకి వెళ్తున్నాను. ఒక్కో బోనులో ఒక్కో కోతి. వాటిలో ఒకటి తన చెయ్యి తనే కొరుక్కుంటోంది. దాని ముందు నిలబడితే మెడలో మాల బరువనిపిస్తోంది. ఉద్యోగం మానెయ్యమంటారా?" అని అడిగారు. పేరు రాయొద్దన్నారు. మాలలో ఉన్నారు కాబట్టి స్వామి అనే అంటాను.

మానెయ్యండి అని చెప్పడం తేలిక. నాకూ మొదట అదే నోటికొచ్చింది. కానీ స్వామి మానేస్తే ఆ కోతికి ఏం మారుతుంది? బోను అక్కడే ఉంటుంది. రేపు ఆ ఉద్యోగంలోకి వచ్చే మనిషి దాని చెయ్యి వంక చూస్తాడో లేదో. పైగా సలహా చెప్పే మనమేమీ ఆ గదికి అంత బయట లేం. పోలియో టీకాని మొదట్లో కోతుల మూత్రపిండాల కణాల్లో తయారు చేసేవారు. అందుకోసం, ఇంకా అనేక పరిశోధనల కోసం మన దేశం నుంచి లక్షల కోతులు విదేశాలకి వెళ్లాయి. 1978లో గానీ మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఆ ఎగుమతి ఆపలేదు. అంత వెనక్కి ఎందుకు, మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ సంగతే చూడండి. 2020లో దాన్ని పుణేలోని ఎన్‌ఐవీలో 20 రీసస్ కోతుల మీద పరీక్షించారు. తర్వాత టీకా వేయించుకుని ఆ ఫోటో స్టేటస్‌లో పెట్టుకున్నవాళ్లం మనం. నేనూ పెట్టాను.

అంటే ఋణం ఉంది. అది ఎలా తీరుతుంది? గుడి మెట్ల దగ్గర కోతికి అరటిపండు అందించి సెల్ఫీ తీసుకుంటే తీరేది మాత్రం కాదు. ల్యాబ్‌లో కోతికి తిండి లోటుండదు. టైముకి అందుతుంది, డాక్టరు కూడా చూస్తాడు. దానికి లేనిది ఇంకొకటి.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లు, 60లలో రీసస్ కోతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు చదివితే కడుపులో దేవినట్టవుతుంది. తల్లి నుంచి వేరు చేసిన పిల్ల ముందు రెండు బొమ్మ తల్లుల్ని పెట్టారు. ఒకటి తీగతో చేసింది, పాలసీసా దానికే ఉంది. రెండోది మెత్తని గుడ్డ చుట్టింది, దాని దగ్గర పాల్లేవు. పిల్ల తీగ బొమ్మ దగ్గరికి వెళ్లి పాలు తాగి, మిగతా పొద్దంతా గుడ్డ బొమ్మనే కరుచుకుని ఉండేది. తర్వాత కొన్ని పిల్లల్ని ఆరు నెలలు, ఏడాది పూర్తిగా ఒంటరిగా ఉంచారు. బయటికి తెచ్చాక అవి తమని తామే కావిలించుకుని ఊగుతూ, తమ ఒంటిని తామే కొరుక్కుంటూ ఉండేవి. స్వామి చూస్తున్నది అదే. ఆ కోతికి పిచ్చి పట్టలేదు. తోడు లేదు, అంతే.

ఈ కథలో ఇంకో ముక్క ఉంది. దాన్ని తక్కువమంది చెప్తారు. 1970ల మొదట్లో హార్లో, ఆయన శిష్యుడు స్టీఫెన్ సుయోమి కలిసి, ఆరు నెలలు ఒంటరిగా ఉంచిన కోతుల దగ్గరికి మూడు నెలల వయసున్న పిల్లల్ని వదిలారు. ఆ పసివి కొట్లాడలేదు, వెళ్లి అతుక్కున్నాయి, అంతే. కొన్ని నెలల్లో పెద్దవి చాలావరకు మామూలయ్యాయి. ఒంటరితనం చేసిన గాయానికి మందు ఇంకో కోతే అయింది.

ఇప్పుడు అశోకవనానికి వద్దాం. సీతమ్మని ఒక జంతువుతో పోల్చడం నా ఉద్దేశం కాదు, తప్పుగా తీసుకోకండి. చెరలో ఉండటమంటే ఏమిటో మనకి చెప్పిన తల్లి ఆవిడ కాబట్టి అటు చూస్తున్నాను. అక్కడ చెట్లున్నాయి, పూలున్నాయి, చుట్టూ కాపలా రాక్షసులున్నారు. తనవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి ప్రాణం తీసుకోవాలనుకునే దాకా వచ్చింది. ఆ సమయంలో నోరు విప్పింది త్రిజట. ఆమె రావణుడి వైపు మనిషే. తాళం ఆమె చేతిలో లేదు. తనకొచ్చిన కల చెప్పి, సీతని బెదిరించడం ఆపి క్షమాపణ అడగమని మిగతావాళ్లకి చెప్పింది. ఆమె చేయగలిగింది అదే. ఆమె ఆ రోజు "ఇది పాపపు కొలువు" అని వెళ్లిపోయి ఉంటే?

స్వామీ, మీరున్నది ఆ చోటులో.

దీనికి గట్టి ఎదురు ప్రశ్న ఒకటుంది, దాటేయకూడదు. బోనులో ఇంకో కోతిని పెట్టి, రెండు కర్రలు కట్టి, "ఇప్పుడు బాగానే ఉంది" అని మనం హాయిగా నిద్రపోతే? చెరని సుఖంగా చేస్తే అది మరింత కాలం నిలవదా? హనుమంతుడు తన వీపు మీద తీసుకెళ్తానన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. ఆ రోజు ఆయన ఆవిడని అక్కడే వదిలి వచ్చాడు. రాముడి కథ వినిపించి, ఉంగరం ఇచ్చి వచ్చాడు. ఆ ఉంగరం దండగ అని ఎవరూ అనరు. ఉంగరం ఇచ్చాం కదా, ఇక వారధి ఎందుకని కూడా ఎవరూ అనలేదు. ఈ విషయంలోనూ వారధి పని సాగుతోంది. కొత్త మందుల పరీక్షలకి జంతువులు లేని పద్ధతుల్ని కూడా ఒప్పుకుంటూ 2023లో మన దేశంలో నిబంధనలు మార్చారు. అది పూర్తయ్యేలోపు గదిలో ఉన్న కోతి వయసు గడిచిపోతుంది. దానికి ఇవాళే తోడు కావాలి.

అడిగితే నవ్వుతారేమోనని రాశారు. నవ్వరు. అమెరికాలో 1985 చట్టమే కోతుల మానసిక క్షేమం చూడాలని చెప్పింది. మన దగ్గర కూడా ఇలాంటి ప్రతి ల్యాబ్‌కీ యానిమల్ ఎథిక్స్ కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులుంటారు. కాగితం మీద రాసి ఇవ్వండి.

అయితే రెండు కోతుల్ని తెచ్చి ఒకే బోనులో పడేస్తే ముందు రక్తాలే కారతాయి. మన పెళ్లిచూపుల కన్నా ఓపిక కావాలి. మొదట ఒకదానికొకటి కనిపించేలా పక్కపక్క బోనులు. తర్వాత మధ్యలో వేళ్లు పట్టేంత జాలీ. పెదవులు చప్పరిస్తే స్నేహం. పళ్లు బయటపెడితే నవ్వనుకునేరు, అది భయం. జాలీ లోంచి చెయ్యి పెట్టి ఒకటి ఇంకోదానికి పేలు చూడటం మొదలుపెట్టాక, మనిషి దగ్గరుండి తలుపు తీయాలి. తిండి రెండు చోట్ల పెట్టాలి, లేకపోతే బలమైనదే అంతా లాక్కుంటుంది. ఎత్తులో కూర్చునే చోటు, గొడవొస్తే దాక్కోవడానికి ఒక అడ్డు. పేలు చూస్తుంటే చూపించుకునే కోతి గుండె వేగం తగ్గుతుందని కొలిచి చూశారు. మన అమ్మమ్మలకి ఏ మిషనూ లేకుండానే తెలుసు ఆ సంగతి.

మొన్న స్వామి మళ్లీ రాశారు. కమిటీ ముందు ఆరు కోతులకి ఒప్పుకుందట. రెండు జతలు కుదిరాయి. మూడో జతలో ఒకటి, ఆ చెయ్యి కొరుక్కునేదే, తలుపు తీయగానే రెండోదాని మీద పడి కరిచింది. మళ్లీ జాలీ వేశారు. మాల తీయడానికి ఇంకా తొమ్మిది రోజులుంది, కొండగట్టు వెళ్లేలోపు ఇంకోసారి ప్రయత్నిస్తారట, ఈసారి చిన్న వయసున్న కోతితో.