గోడ దాటిన పారిజాతం

పడమటి దిక్కున లోకం చివర హేరా దేవికి ఒక తోట ఉందని గ్రీకుల కథ. ఆమె పెళ్లికి భూదేవి గయా కానుకగా ఇచ్చిన బంగారు ఆపిళ్లు అందులో కాస్తాయి. హెస్పెరిడీస్ అనే అక్కచెల్లెళ్లు కాపలా. వాళ్లు చాలరన్నట్టు చెట్టుకు చుట్టుకుని లాడన్ అనే సర్పం. హెరాక్లీస్ నానా తంటాలు పడి ఆ పండ్లు తెచ్చాడు. తెచ్చి ఏం లాభం? అవి మరోచోట ఉండకూడదని ఎథీనా మళ్లీ తీసుకెళ్లి అక్కడే పెట్టేసింది. ఒక్కరూ కొరికి చూసింది లేదు.

మధుర ప్రాంతంవాళ్లు హెరాక్లీస్‌ను కొలుస్తారని మెగస్తనీస్ రాశాడు. ఆయన చెప్పింది కృష్ణుడి గురించేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ పోలిక నాకు నచ్చుతుంది. కృష్ణుడూ దేవతల తోట మీద పడ్డవాడే. సత్యభామ కోరిందని పారిజాతాన్ని పెకలించి, అడ్డొచ్చిన ఇంద్రుణ్ణి ఓడించి, ద్వారకలో ఆమె పెరట్లో నాటాడు. నంది తిమ్మన కావ్యం పుణ్యమా అని మనకు ఆమె అలకే గుర్తుండిపోయింది. నా మనసు మాత్రం భాగవతంలోని ఒక చిన్న సంగతి దగ్గర ఆగుతుంది: ఆ చెట్టు వెంట స్వర్గం నుంచి తుమ్మెదలు కూడా వచ్చేశాయట! పూల వాసన మూడు యోజనాలు వ్యాపించిందని విష్ణుపురాణం అంటుంది. కృష్ణుడు వెళ్లిపోయాక పారిజాతమూ స్వర్గానికి తిరిగి వెళ్లింది. అయితేనేం, ఉన్నన్నాళ్లూ అడగనివాళ్లకు కూడా ఆ పరిమళం అందింది.

సుఖమే జీవితానికి గమ్యమన్న ఎపిక్యూరస్ క్రీ.పూ. 306 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఒక తోట కొన్నాడు. అక్కడ విందులూ విలాసాలూ లేవు. సాదా తిండి, స్నేహితుల మాటలు. స్త్రీలకూ బానిసలకూ చోటుండేది. సుఖం గురించి నాకు తెలిసిన ఆలోచనల్లో ఇంతకంటే మంచిది లేదు.

అలా అందరికీ చోటున్న తోట మా బెంగళూరులోనూ ఉంది. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఒకప్పుడు పాలకుల విలాసవనం. ఇప్పుడది 240 ఎకరాల మేర అందరిదీ. 2025 ఆగస్టులో యెల్లో లైన్ మెట్రో వచ్చాక మా బొమ్మసంద్రవాళ్లకు దారి సులువైంది. ఆర్.వి. రోడ్‌లో రైలు మారితే చాలు. కానీ అది సెలవు రోజు మాట. మిగతా రోజుల్లో?

ఇక్కడి పారిశ్రామికవాడలో కొన్ని గోడల వెనక చక్కగా కత్తిరించిన లాన్ ఉంటుంది, ఎవరూ కూర్చోరు. మధ్యాహ్నం గోడ బయట ఒక్క కానుగ నీడలో ఏడెనిమిది మంది ఇరుక్కుని క్యారియర్లు విప్పుతారు. అనంతపురం యాస, హోసూరు యాస కలిసి వినబడతాయి. పచ్చడి చేతులు మారుతుంది. లేత గులాబీరంగు పూలు అన్నంలో రాలితే వేలితో తీసి పక్కన పెట్టి మళ్లీ కలుపుకుంటారు. ఎపిక్యూరస్ తోట ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఫ్యాక్టరీల యజమానులకు నా విన్నపం ఒకటే. లాన్‌కు పోసే నీళ్లలో కొంత గోడ బయటికి మళ్లించండి. గేటు పక్కన రెండు కానుగ మొక్కలు నాటించి, కింద ఒక సిమెంటు అరుగు కట్టించండి. వచ్చే వానాకాలంలోనే మొదలుపెట్టండి.