నమ్మకాన్ని స్కేలుతో కొలవవచ్చునా?

మనసులోని బాధ చెప్పుకోవడానికి కౌన్సిలర్ వద్దకు వెళ్ళిన ఒక మనిషిని ఊహించండి. మాటలు ముగిశాక కౌన్సిలర్ అతని చేతికి ఒక కాగితం ఇస్తాడు. దాని మీద 10 సెంటీమీటర్ల పొడవున 4 గీతలుంటాయి. నా మాట విన్నారా, నన్ను గౌరవించారా అన్నది మొదటి గీత. నేను మాట్లాడదలచిన సంగతులే మాట్లాడామా అన్నది రెండవది. ఆయన పద్ధతి నాకు సరిపడిందా అన్నది మూడవది. మొత్తం మీద ఈ పూట ఎలా గడిచిందన్నది నాలుగవది. ప్రతి గీత మీద తనకు తోచిన చోట అతను గుర్తు పెట్టాలి. కౌన్సిలర్ స్కేలు తీసి కొలుస్తాడు. మొత్తం 40కి 36 కంటే తగ్గితే లోటు ఎక్కడుందో అప్పుడే అడగాలి. అమెరికాలో స్కాట్ మిల్లర్, బ్యారీ డంకన్ మొదలైనవారు తయారుచేసిన కొలత ఇది.

తల్లీబిడ్డల మమతను సెంటీమీటర్లలో చెప్పమంటే నవ్వుతాం కదా! ఇది విన్నప్పుడు నేనూ అలాగే నవ్వాను.

అయితే దీని వెనుక లోతైన ఆలోచనే ఉంది. చికిత్సకుడిలో నిజాయితీ, షరతులు లేని ఆదరణ, ఎదుటివాని కష్టాన్ని అతని వైపు నుండి అర్థం చేసుకునే గుణం ఉండాలని 1957లో కార్ల్ రోజర్స్ రాశారు. అంతటితో ఆగలేదు. ఆ ఆదరణ, ఆ అర్థం చేసుకోవడం కొంతైనా ఎదుటివాని మనసుకు అందాలన్నారు. నా గుండెలో ఎంత దయ ఉన్నా, అతనికి తెలియకపోతే అది నా దగ్గరే ఉండిపోయినట్టు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ దీనికి మరో మాట చేర్చారు: ఆప్యాయత ఒక్కటే చాలదు, ఎక్కడికి చేరాలి, ఏ దారిన వెళ్ళాలి అన్న విషయంలో ఇద్దరికీ ఒప్పందం కుదరాలి. ఆ ఆలోచన మీదే 1989లో హోర్వాత్, గ్రీన్‌బర్గ్ 36 ప్రశ్నల పత్రం తయారుచేశారు. 2018లో 295 పరిశోధనలను కలిపి చూస్తే, బంధం బాగున్నచోట ఫలితమూ సాధారణంగా మెరుగ్గా ఉన్నదని తేలింది. అది గొప్ప అంకె కాదు, మధ్యరకమే. కాని మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. 1991లో ఇలాంటి లెక్కే వేసినప్పుడు, చికిత్సకుడు తనకు తాను వేసుకున్న మార్కుల కంటే సాయం కోరి వచ్చినవారు వేసినవే ఫలితానికి దగ్గరగా ఉన్నాయి.

ఇక్కడే నాకు చిక్కు ఎదురవుతున్నది. ఆ మార్కులు ఎవరి ఎదుట వేస్తున్నారు? వచ్చే వారం మళ్ళీ ఎవరి ముఖం చూడాలో వారి ఎదుటే. మన సంగతి మనకు తెలియనిదా! "ఎలా ఉందమ్మా?" అని డాక్టరుగారు అడిగితే "మీ దయవల్ల బాగానే ఉందండి" అంటాం. ఇంటికొచ్చి, "తలెత్తి నా మొహమైనా చూడలేదు" అని వాపోతాం. ఇది మన ఒక్కరి మొహమాటమే కాదు. చికిత్స పొందేవారు తమ అసంతృప్తిని మర్యాద చాటున దాచుకుంటారని కెనడాలో డేవిడ్ రెన్నీ 1994లోనే రాశారు.

అందుచేత 40కి 40 వచ్చిందంటే అది నమ్మకమూ కావచ్చు, భయమూ కావచ్చు. 31 వేసినవాడే ఒక్కొక్కప్పుడు ఎక్కువ నమ్మినవాడు. మీకు కోపం రాదని అతనికి తెలుసు. ఇక ఆ మార్కులను బట్టి కౌన్సిలర్ జీతం నిర్ణయిస్తే (లెక్కలంటే ఇష్టపడే యాజమాన్యాలకు ఈ ఆలోచన రాకపోదు) ఆయన 40 కోసమే నవ్వుతాడు, 40 కోసమే తలూపుతాడు.

కనుక కొలవవద్దని నేననను. కాగితం లేకపోతే "నేను బాగానే విన్నాను" అనే చికిత్సకుడి అంచనా ఒక్కటే మిగులుతుంది. నేను చూడదలచినది తక్కువ మార్కు వచ్చిన క్షణాన్ని. మొదటి గీత మీద గుర్తు 6 దగ్గర ఆగింది. కౌన్సిలర్ సంజాయిషీ చెప్పకుండా, "నేను ఏ మాట వినలేదో చెబుతారా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊరుకోగలడా?