తూటా ఎన్నుకునే వేళ

పోయిన ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక మా విచారణ పెద్ద ఒకాయన గుడి వరండాలో నన్ను ఆపారు. “ఫాదర్ గారూ, ఒక సందేహం. పాపసంకీర్తనంలో అడగాలో ఇక్కడే అడగాలో తెలియడం లేదు” అన్నారు. ఆయన కుమారుడు టెక్సాస్‌లో పెట్రోలు బంకు దుకాణం నడుపుతున్నాడు. అక్కడి పౌరసత్వం వచ్చి చాలా ఏళ్లయింది. రాత్రి పదకొండు దాకా గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా కూర్చోవాలి. ఈ మధ్య జేబులో పట్టే చిన్న పిస్తోలు కొన్నాడట. 2021 సెప్టెంబరు నుంచి ఆ రాష్ట్రంలో దాన్ని వెంట ఉంచుకోవడానికి చాలామందికి లైసెన్సు కూడా అక్కర్లేదు. తండ్రి బాధ పిస్తోలు గురించి కాదు. “ఏ తూటాలు వేసుకోవాలా అని చూస్తున్నాను నాన్నా, ఒంట్లోకి వెళ్లి విచ్చుకునేవి మంచివంటున్నారు” అని కొడుకు ఫోనులో అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి పెద్దాయనకు కంటిమీద కునుకు లేదు.

మనకు తూటా అంటే తూటాయే. అక్కడ దాన్ని వంకాయల్లా ఏరి కొనుక్కుంటారు. ముఖ్యంగా రెండు రకాలు. ఒకదానికి ముక్కు గుండ్రంగా ఉండి, పైన రాగి తొడుగు కప్పి ఉంటుంది. రెండోదానికి ముక్కున చిన్న గుంట ఉంటుంది. హాలో పాయింట్ అంటారు. ఒంటికి తగలగానే ఆ ముక్కు విచ్చుకుని వెడల్పవుతుంది, గాయమూ పెద్దదవుతుంది. ఇటువంటి తూటాకు పేరు తెచ్చిన ఊరు మన దేశంలోనే ఉంది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో, 1890లలో, వాయవ్య సరిహద్దు యుద్ధాల కోసం బ్రిటిష్ వారు తయారు చేయించారు. 1899లో హేగ్ నగరంలో కూడిన దేశాలు, ఒంట్లో విచ్చుకునే తూటాను తమ మధ్య జరిగే యుద్ధాల్లో వాడరాదని ప్రకటించాయి. మరి శత్రు సైనికుడి మీద పేల్చకూడనిది గల్లాపెట్టె మీద చేయి వేసినవాడి మీద పేల్చవచ్చా? పెద్దాయనకు నిద్ర పట్టకపోవడంలో న్యాయం ఉంది.

అయితే రెండో వైపు కూడా చూడాలి. గుండ్రటి ముక్కు తూటా ఒక మనిషిని దాటుకుని వెళ్లి, వెనక పాల డబ్బా పట్టుకు నిలబడిన తల్లికి తగలవచ్చు. విచ్చుకున్నది చాలావరకు మొదటివాడి ఒంట్లోనే ఆగుతుంది. అక్కడి పోలీసులు దాన్ని వాడడానికి ఇదొక కారణం. 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగిన కాల్పుల్లో ఎఫ్.బి.ఐ. ఉద్యోగులు ఇద్దరు చనిపోయారు. వారు పేల్చిన ఒక తూటా దుండగుడి చేతిలోంచి ఛాతీలోకి వెళ్లి, గుండెను చేరకముందే ఆగింది. వాడు కాలుస్తూనే ఉన్నాడు. తరువాత ఆ సంస్థ జెలటిన్ దిమ్మల్లోకి పేల్చి పరీక్షించడం మొదలుపెట్టింది. 12 అంగుళాలకు తగ్గకూడదు, 18కి మించకూడదు అని లెక్క పెట్టుకుంది. చిన్న పిస్తోలుతో ఈ లెక్క కుదరడం కష్టం. గొట్టం పొట్టిది కాబట్టి వేగం తగ్గుతుంది. మందపాటి జీన్సు గుడ్డ గుంటలో కూరుకుంటే తూటా విచ్చుకోకుండానే దూసుకుపోవచ్చు.

పునీత అగుస్తీను, తన ప్రాణం కోసం సామాన్యుడు ఇంకొకరిని చంపడాన్ని ఒప్పుకోలేదు. పునీత అక్వీనాస్ తోమాసు ఒప్పుకున్నాడు గాని ఒక కట్టు పెట్టాడు: నీ ఉద్దేశం నీ ప్రాణరక్షణ అయి ఉండాలి, అవసరానికి మించిన బలం వాడకూడదు. 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా ఆయన్నే అనుసరించింది. కాని ఉద్దేశం ఎప్పుడు పుడుతుంది? తుపాకీ ఎదురుగా ఉన్న రెండు క్షణాల్లో ఎవరి మనసూ తర్కించదు. గెత్సేమనిలో పేతురు కత్తి దూశాడు. అయితే భోజనం దగ్గరే రెండు కత్తులున్నాయని శిష్యులు ప్రభువుకు చూపించారని లూకా రాశాడు. ఆయుధం ముందే సిద్ధమై ఉంది. అందుకే నా మట్టుకు, ఈ పిల్లవాడి పరీక్ష దుకాణంలో దొంగ ముందు జరగదు, తూటాలు అమ్మే బల్ల ముందు జరుగుతుంది. అక్కడ ‘వాణ్ణి ఆపేది ఏది’ అని అడిగినవాడూ, ‘వాణ్ణి లేవకుండా చేసేది ఏది’ అని అడిగినవాడూ ఒకే డబ్బా కొనుక్కుని పోవచ్చు. డబ్బాను చూసి ఎవరు ఎవరో చెప్పలేం. విచ్చుకునే తూటా కొనడమే పాపమని నేను అనను. చవక అని గుండ్రటి ముక్కువి నింపుకుని, వెనక ఎవరున్నారో ఆలోచించనివాడి గురించే నాకు ఎక్కువ భయం.

ఇంకో మాట. నిర్గమకాండము 22వ అధ్యాయం రాత్రి కన్నం వేస్తూ చచ్చిన దొంగకూ, పొద్దు పొడిచాక చంపబడిన దొంగకూ తేడా చూపింది, రెండోది హత్య. పారిపోతున్నవాడి వీపు మీదికి పేల్చడానికి తగిన తూటా ఏ కంపెనీ చేయలేదు.

ఇదంతా వరండాలో నిలబడి చెప్పాను. పెద్దాయన ఓపికగా విన్నారు. “అబ్బాయికి ఏం చెప్పమంటారు?” అన్నారు. అమెరికా ఇళ్లలో లోపలి గోడలు చాలావరకు పలచటి జిప్సం పలకలు. గుంట ఉన్నా లేకపోయినా పిస్తోలు తూటా వాటిని దాటుకుపోతుంది. అందుకని, రాత్రి ఇంటికి వచ్చాక పిస్తోలు ఎక్కడ పెడుతున్నాడు, ఆ గది గోడ అవతల ఎవరు పడుకుంటారు అని అడగమన్నాను.

ఆయన కొంచెంసేపు తల వంచుకున్నారు. “అవతల గది మనవరాలిదండి” అన్నారు. ఆ రాత్రికే ఫోను చేస్తానని వెళ్లిపోయారు.