చెప్పుల పడవ నేర్పే పాఠం

నేల మీదా, సముద్రంలోనూ చెలరేగే సంక్షోభానికి మానవుల చేజేతులా చేసిన పనులే కారణమని దివ్య ఖుర్ఆన్ తెలియజేసింది. వారు చేసినదానిలో కొంత రుచిని అల్లాహ్ వారికి చూపిస్తాడు. అది కేవలం శిక్షించడానికి కాదు, వారు మరలి రావాలని (అర్ రూమ్: 41). ఈ 'మరలి రావడం' అంటే ఏమిటి? ఈ ప్రశ్నను ఒక పడవ ఉదాహరణతో ఆలోచిద్దాం.

కెన్యా దేశపు తీరంలో లాము అనే ద్వీప పట్టణం ఉంది. శతాబ్దాలుగా ముస్లింలు నివసిస్తున్న ఈ పట్టణాన్ని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడి వడ్రంగులు తరతరాలుగా 'ధౌ' అనే తెరచాప పడవలు తయారు చేస్తారు. 2018లో అలీ స్కందా అనే పడవల మేస్త్రీ, ఆయన తోటి పనివారు కొయ్యకు బదులు ప్లాస్టిక్ వ్యర్థాలతో 9 మీటర్ల పొడవున్న ధౌను నిర్మించారు. దానికి దాదాపు 10 టన్నుల ప్లాస్టిక్ పట్టింది. పడవ పైభాగమంతా రంగురంగుల పాత హవాయి చెప్పుల ముక్కలే. అలా సుమారు 30 వేల చెప్పులు వాడారు. అందుకే దానికి 'ఫ్లిప్‌ఫ్లాపీ' అని పేరు. 2019లో అది లాము నుండి జాంజిబార్ వరకు సుమారు 500 కిలోమీటర్లు ప్రయాణించింది. దారిలో ఆగిన ఊళ్ళలో, వాడి పారేసే ప్లాస్టిక్ వల్ల కలిగే కీడును ప్రజలకు వివరించారు.

ఇది మంచి పనేనా? నిస్సందేహంగా మంచి పనే. దారిలో నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (సల్లం) ప్రవచించారు (ముస్లిం). బెస్తవారికి సముద్రతీరమే దారి కదా! పైగా ఇది ప్రాణుల విగ్రహం కాదు, నలుగురికీ పనికివచ్చే పడవ. అయితే కర్మలు సంకల్పాలపై ఆధారపడి ఉంటాయి. పేరు కోసం, ప్రదర్శన కోసం చేస్తే ఎంత గొప్ప పనైనా అల్లాహ్ వద్ద విలువ కోల్పోతుంది.

ఇక్కడ మరో సందేహం కలుగుతుంది. చెత్తను అందమైన వస్తువుగా మార్చేస్తే మన బాధ్యత తీరినట్లేనా?

ప్లాస్టిక్ దాదాపు అంతా ముడిచమురు, సహజవాయువు వంటి శిలాజ ఇంధనాల నుండే తయారవుతుంది. నేలలోంచి ముడిసరుకు తోడినప్పటి నుండి చివరికి చెత్తకుప్పలో తగలబెట్టే వరకు భూమిని వేడెక్కించే వాయువులు వెలువడుతూనే ఉంటాయి. 2019లో ప్రపంచం వాడిన ప్లాస్టిక్ సుమారు 46 కోట్ల టన్నులని ఓఈసీడీ 2022 నివేదిక తెలిపింది. ఆ ఏడాది భూతాపాన్ని పెంచే వాయువుల్లో 3.4 శాతం ప్లాస్టిక్ వల్లనే వెలువడ్డాయి. ప్లాస్టిక్ చెత్తలో తిరిగి వాడుకలోకి వచ్చింది 9 శాతం మాత్రమే. 10 టన్నుల పడవను 46 కోట్ల టన్నుల పక్కన పెట్టి చూడండి. ఆ పడవ సముద్రాన్ని శుభ్రం చేయలేదు. అది మనల్ని హెచ్చరించగలదు, అంతే.

తౌబా (పశ్చాత్తాపం) స్వీకరించబడాలంటే కొన్ని షరతులున్నాయని ధర్మపండితులు చెప్పారు. తప్పును వెంటనే మానేయాలి. చేసినదానికి కుమిలిపోవాలి. మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. అది దాసుల హక్కుకు సంబంధించినదైతే ఆ హక్కు తీర్చాలి. వ్యర్థాలతో చేసే కళ బాధను వ్యక్తం చేస్తుంది, కొంతవరకు నష్టాన్ని సరిదిద్దుతుంది. కాని మానేయడం మాటేమిటి? ఎడమ చేత్తో చెత్త ఏరుతూ కుడి చేత్తో పారేస్తూ పోతే అది పశ్చాత్తాపం అనిపించుకోదు. ప్రదర్శన కోసం కొత్త సీసాలు కొని పిల్లల చేత 'వ్యర్థాలతో కళ' చేయించడం మరీ విచిత్రం!

ఇందులో దాసుల హక్కు కూడా ఉంది. ఎండలు ముదిరితే ఏసీ గదిలో ఉన్నవారి కన్నా ముందు తట్టలు మోసే కూలీ నష్టపోతాడు. వాడింది ఒకరు, అనుభవించేది మరొకరు. ఇది అన్యాయం కాదా?

దైవప్రవక్త (సల్లం) తమ చెప్పులను తామే కుట్టుకునేవారని, బట్టలకు మాసికలు వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు (అహ్మద్). అరేబియాకు ఏలిక అయ్యుండి కూడా తెగిన చెప్పును పారేయలేదు. ముప్పై వేల చెప్పులు ఒక పడవకు సరిపోయేంతగా ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఈ కాలంలో ఆ సున్నత్ మనకెంత అవసరమో ఆలోచించండి.

తినండి, తాగండి, కాని మితిమీరకండని అల్లాహ్ ఆదేశం (అల్ ఆరాఫ్: 31). మరి మన వలీమా విందుల సంగతేమిటి? సగం తాగి వదిలేసిన నీటి సీసాలు, ఒక్కపూటకే చుట్టి పారేసే ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్ మన ఇళ్ళకు కొత్త కాదు. ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెమ్చాలను 2022 జూలై 1 నుండి మన దేశంలో చట్టమే నిషేధించింది. ఇఫ్తార్‌కు ఉతికి వాడుకునే గుడ్డ దస్తర్‌ఖాన్, కడిగి వాడే స్టీలు గ్లాసులు, విస్తరాకులు మన పెద్దలకు తెలిసినవే. సోదరీమణులారా! పాత సీసాతో పూలకుండీ చేస్తే మంచిదే. కాని ఆ సీసానే కొనకపోవడం అంతకన్నా మంచిది.

హజ్రత్ నూహ్ (అలైహి) ఓడ నిర్మిస్తుంటే జాతి నాయకులు అటుగా పోతూ పరిహసించారు. ఆ ఓడను అందరూ చూశారు. కాని రక్షణ పొందింది చూసినవారు కాదు, ఎక్కినవారు. ఈ చెప్పుల పడవ కూడా ఒక హెచ్చరికే. దాన్ని చూసి మెచ్చుకుని మళ్ళీ పాత అలవాటుకే పోయేవారు ఒడ్డున నిలబడిపోయినవారితో సమానం.

దుబారా నుండి మరలి, తన భూమిని అమానత్‌గా కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.