అన్నవ్రతము

భృగువు తపస్సు చేసి మొట్టమొదట కనుగొన్న సత్యము అన్నమే బ్రహ్మమని. పిదప ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లెక్కి ఆనందమున నిలిచెను. తైత్తిరీయోపనిషత్తు అంతటితో ముగియవలసినది గదా! ముగియలేదు. ఆనందమును దర్శించినవానిని మరల అన్నము కడకే కొనివచ్చి వ్రతములు విధించినది: అన్నమును నిందింపరాదు, త్రోసివేయరాదు, సమృద్ధిగా పెంపొందింపవలెను, ఆశ్రయము కోరి వచ్చినవానిని కాదనరాదు.

ఈ వ్రతములు జంషెడ్‌పూరు వంటి పట్టణమున మిక్కిలి ఆలోచింపదగినవి. సాక్చి యను పల్లె యున్నచోట వెలసిన కర్మాగారమున 1912లో తొలి ఉక్కు తయారయ్యెను. పనికై నలుదెసలవారితోపాటు ఉత్తరాంధ్రపు తెలుగువారును అచ్చటికి చేరిరి. కొలిమి ఇనుమును కరగింపగలదు, గింజను పండింపలేదు. ఆ రాష్ట్రమందలి పొలములు చాలవరకు వానకే కనిపెట్టుకొని యుండునవి. 2022లో వానలు తప్పగా ఝార్ఖండ్ ప్రభుత్వము 226 బ్లాకులను కరవు ప్రాంతములుగా ప్రకటింపవలసివచ్చెను.

అచ్చటి మెట్టలలో హో, సంతాలు జనులు వరితోపాటు మడువాను తరతరములుగా పండించిరి. మడువా యనగా మన రాగులే, శ్రీకాకుళమువారి చోళ్లు. కొద్దిపాటి వానకు పండును. సులభముగా పురుగుపట్టక యేండ్ల తరబడి గాదెలో నిలుచును. కాల్షియము తెల్లబియ్యమునకంటె ఎన్నో రెట్లు. అట్టిదానికి బీదవాని కూడను పేరు వచ్చినది! తెల్లని యన్నము మర్యాదకు గుర్తు, చోడి యంబలి త్రాగితిమని చెప్పుకొనుట సిగ్గు. అన్ననింద యనగా విస్తరిముందు విసుగుకొనుట మాత్రమే యని తలచువారు దీనిని గమనింపవలెను.

ఇది యొక సీమ మాటయే కాదు. మానవజాతి మొక్కలనుండి పొందు ఆహారశక్తిలో సగమునకుపైగా వరి, గోధుమ, మొక్కజొన్న అను మూడు పంటలే యొసగుచున్నవి. ఒక్క పంటను నమ్ముకొనుట యెట్టిదో 1845లో ఐర్లండు ఎరిగెను. బంగాళాదుంపకు తెగులు సోకగా కొన్ని యేండ్లలో సుమారు పదిలక్షలమంది మరణించిరి. ఆ దినములలోనే ఆ దేశమునుండి ధాన్యము ఓడలకెక్కుచుండెను. 1943లో వంగదేశమున బియ్యము బొత్తిగా లేకపోలేదు. కొనగల శక్తి పల్లెకూలీకి లేదు. కలకత్తా వీధులలో వారు యాచించినది అన్నము సైతము కాదు, వార్చిన గంజి.

2013 నాటి ఆహారభద్రతా చట్టము నెలకు తలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా జేసినది. అందు బియ్యము, గోధుమలతోపాటు చిరుధాన్యములకును చోటు గలదు. అయినను చాలచోట్ల చౌకధరల దుకాణమున లభించునవి మొదటి రెండే. దక్షిణ కర్ణాటకమున రాగులిచ్చు నేర్పాటు కలదు. మడువా పండు సీమలలో అది యేల కాగూడదు?