నక్షత్రానికి ఎవరి పేరు?



జనవరి చివర్లో భీమ్‌గల్ చుట్టుపక్కల పసుపు కల్లాల దగ్గర కాపలా పడుకునేవారికి ఆకాశం పాత చుట్టం. చీకటి పడగానే వాయవ్యంలో ఐదు చుక్కలు వంకరటింకరగా కనిపిస్తాయి. ఆ గుంపు పేరు శర్మిష్ఠ. దాని పక్కన, దీపాలు లేని చోట మంచి చూపున్నవారికి మాత్రమే లీలగా ఆనే నక్షత్రం ఒకటుంది. రంగు నారింజ. మన సూర్యుడికన్నా చిన్నది, వేడి తక్కువ. అందుకే పొదుపుగా మండుతూ సూర్యుడికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. ఇటువంటివాటిని నారింజ మరుగుజ్జులంటారు. దూరం 21 కాంతి సంవత్సరాలు. ఈ రాత్రి మనకు చేరే వెలుగు అక్కడ బయలుదేరిన నాడు పుట్టిన పిల్ల ఈపాటికి డిగ్రీ ముగించి ఉంటుంది.

దాని చుట్టూ గ్రహాలు తిరుగుతున్నాయని 2015లో ప్రకటించారు. అన్నిటికన్నా లోపలున్నది రాతి గ్రహం. మూడు రోజులకే ఒక చుట్టు పూర్తిచేస్తుంది. అంటే అక్కడ మూడు రోజులకొక ఏడాది! మనిషి నిలవలేనంత వేడి. అక్కడ ఎవరైనా ఉన్నారా అనే ప్రశ్న జోలికి నేను పోను. నన్ను పట్టుకున్నది ఆ నక్షత్రం పేరు.

అది హెచ్.డి. 219134. హెచ్.డి. అంటే హెన్రీ డ్రేపర్, 1882లో మరణించిన అమెరికా వైద్యుడు, ఖగోళ పరిశోధకుడు. ఆయన జ్ఞాపకార్థం భార్య ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్‌లో నక్షత్రాల పట్టిక తయారై 1918-1924 మధ్య అచ్చయింది. రెండు లక్షల పాతిక వేల నక్షత్రాల వెలుగును పరిశీలించి, ఏది ఏ తరగతిదో తేల్చినది ఆనీ జంప్ కానన్. ఆమె పేరు పుస్తకం మీద ఉంది. నక్షత్రాల మీద ఉన్నది మాత్రం డ్రేపర్ పేరే.

ఇంకొక సంగతి మన ఇంటికి దగ్గరిది. 1887లో పారిస్‌లో కూడిన పండితులు ఆకాశమంతటినీ ఫొటోలు తీసి కొలవాలని నిర్ణయించి, పట్టీలుగా పంచుకున్నారు. తరువాత దక్షిణాకాశంలో ఒక పట్టీ హైదరాబాద్ నిజామియా వేధశాల వంతుకు వచ్చింది. మన జిల్లా అప్పుడు ఆ నిజాం రాజ్యంలోదే. మన నారింజ చుక్క ఉన్న పట్టీ వాటికన్ వేధశాల పాలబడింది. అక్కడ 1910 నుంచి 1921 వరకు నలుగురు మఠకన్యలు గాజు పలకలపై చుక్కలను భూతద్దంతో చూసి 4,81,215 నక్షత్రాల స్థానాలు లెక్కగట్టారు. వారిని కొనియాడినవారున్నారు గాని, దాదాపు వందేళ్లు వారి పేర్లు లోకానికి తెలియలేదు. యేసుసభ గురువు సబీనో మఫెయో పాత కాగితాలు సర్దుతుంటే దొరికాయి. 2016లో బయటికి వచ్చాయి. సిస్టర్లు ఎమీలియా పొంజోని, రెజీనా కొలంబో, కొంచెత్తా ఫినార్ది, లుయీజా పంచేరి.

"పేరెందుకండీ, దేవునికి తెలిస్తే చాలదా?" అని మీరు అనవచ్చు. నిజమే, ప్రతి చుక్కకూ ఆయన పేరు పెట్టి పిలుస్తాడని 147వ కీర్తన నమ్మిక. తన పేరు తాను దాచుకుంటే అది వినయం. ఇంకొకరి పేరును మనం దాచి దానికి వినయమని పేరుపెడితే ఏమనాలి? కుడిచేతి సంగతి ఎడమచేతికి తెలియనక్కరలేదన్నది దానం చేసేవాడికి చెప్పిన మాట. పక్కన కూర్చుని లెక్క రాసేవాడికి కాదు. మనం ఈ రెంటినీ ఎంత హాయిగా కలిపేస్తామో!

భీమ్‌గల్ మండలంలో ఎన్నో ఇళ్ల మగవారు గల్ఫ్‌లో ఉన్నారు. పసుపు నాటింది, కలుపు తీసింది, తవ్వింది, ఉడికించి ఆరబోసింది ఆడవాళ్లు. నిజామాబాద్ మార్కెట్‌లో పంట అమ్ముడయ్యాక వచ్చే తక్‌పట్టీ మీద పేరు చాలాసార్లు మగవారిదే. పట్టా పాసుపుస్తకమూ అంతే. ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. పుస్తకంలో పేరు లేని రైతుకు బ్యాంకు పంట రుణం దొరకడం గగనం. భర్త పోయిన ఇల్లాలు ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆ పొలంలో తాను పనిచేశానని ఏ కాగితం చూపించి చెబుతుంది? ఆమె కష్టం దేవునికి తెలుసునని ఓదార్చే మనకు, ఆ కాగితం మీద ఆమె పేరు కూడా ఉండాలి కదా అని ఎన్నిసార్లు తోచింది?

ఈసారి కల్లం ఎత్తేలోగా మీ ఇంటి ట్రంకు పెట్టెలో ఉన్న పాత తక్‌పట్టీలు ఒకసారి తీసి చూడండి.