హారంలో ఎవరున్నారు

మా మామయ్య తెనాలి దగ్గర ముప్పయ్యేళ్ళు హైస్కూలు పిల్లలకి లెక్కలు చెప్పారు. నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ విభాగంలో పనిచేస్తున్నాను. కిందటి వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు, ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని, నా ఉద్యోగమేమిటో సరిగ్గా చెప్పమన్నారు.

"మా కాలేజీ మీదే పరిశోధన, మామయ్యా. ఎవరు చేరారు, ఎవరు నిలిచారు, ఎవరు పూర్తిచేశారు అన్న లెక్కలు తీసి ప్రభుత్వానికి పంపుతాం. మా పాఠాలు ఎక్కడ తప్పుతున్నాయో మావాళ్ళకీ చెబుతాం."

"అయితే చెప్పు. నూటికి ఎంతమంది పూర్తిచేస్తున్నారు?"

"హారంలో ఎవరిని పెట్టమంటారో చెబితే చెబుతాను."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. లవం, హారం అన్న మాటలు నాకు నేర్పింది ఆయనే.

"చేరినవాళ్ళందరినీ పెట్టు. అందులో ఆలోచించడానికేముంది?"

"1990లో ఇక్కడొక చట్టం వచ్చింది. ఎంతమంది గట్టెక్కుతున్నారో కాలేజీలు బయటపెట్టాలని. చేరబోయే పిల్లలకి తెలియాలి కదా, మంచి ఉద్దేశమే. కానీ ఆ శాతానికి హారం ఎవరంటే, కాలేజీ చదువుకి కొత్తగా వచ్చి, పూర్తికాలం చదువుతూ, డిగ్రీయో సర్టిఫికెట్టో కావాలన్నవాళ్ళు. రెండేళ్ళ చదువుకి మూడేళ్ళ గడువు. ఆలోపు పూర్తిచేసినవాళ్ళు లవం."

"పగలు పనికెళ్ళి, సాయంత్రం ఒకటో రెండో క్లాసులకి వచ్చేవాళ్ళు?"

"ఈ దేశపు కమ్యూనిటీ కాలేజీల్లో మూడింట రెండు వంతుల మంది దాదాపు వాళ్ళే. ఆ శాతంలో వాళ్ళు లేరు."

"ఒక వీధి తిరిగి ఊరి జనాభా రాసేశారన్నమాట."

"ఆ మాట చాలామంది చాలా ఏళ్ళు అన్నారు. అందుకే 2015-16 నుంచి ఇంకో లెక్క కూడా అడుగుతున్నారు. అందులో పార్ట్‌టైమ్ వాళ్ళుంటారు, వేరే కాలేజీలో చదివి వచ్చినవాళ్ళూ ఉంటారు. ఎనిమిదేళ్ళ దాకా చూస్తాం. అయినా మా సమావేశాల్లో ఎవరైనా చెయ్యెత్తి అడిగేది ఆ పాత శాతమే. ఒక్క అంకె కదా, గుర్తుపెట్టుకోవడం తేలిక."

మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్నకి గొంతు వేరుగా ఉంది.

"ఒకసారి హారంలో పెట్టినవాణ్ణి మళ్ళీ తీసేయొచ్చా?"

"కొన్ని కారణాలకే. చనిపోతే, శాశ్వతంగా వైకల్యం వస్తే, సైన్యంలో చేరితే, పీస్ కోర్ లాంటి ప్రభుత్వ సేవకి విదేశం వెళితే, చర్చి తరఫున మత ప్రచారానికి వెళితే తీయొచ్చు."

"తల్లి మంచం పడితే చూసుకోవడానికి మానేసిన పిల్లని?"

"తీయకూడదు. పూర్తిచేయనివాళ్ళలోనే ఉంటుంది."

"అదేం న్యాయం? చర్చి పంపితే వెళ్ళక తప్పదా, తల్లిని చూసుకోకపోయినా గడుస్తుందా?"

ఆ జాబితా ఏటా నా చేతులమీదుగానే పోతుంది. నిబంధనగా చదివాను తప్ప ఇలా ఎప్పుడూ చదవలేదు. ఏ బాధ్యత గౌరవించదగ్గది, ఏది సొంత గొడవ అన్న తీర్పు అందులో ఉంది. ఆ తీర్పు చెప్పింది గణితం కాదు.

"ఇంకో చిక్కుంది," అన్నాను. "ఒకావిడ అకౌంటింగ్‌లో రెండు కోర్సులు చదివి, పనిచేసే చోట జీతం పెరిగితే వెళ్ళిపోయింది అనుకోండి. చేరినరోజు ఫారంలో 'డిగ్రీ' అని టిక్కు పెట్టింది. మా లెక్కలో ఆవిడ పూర్తిచేయలేదు. ఆవిడ లెక్కలో వచ్చిన పని అయింది."

"ఏది నిజం?"

"రెండూ నిజమే అనేదాన్ని. ఇప్పుడు అంత తేలిగ్గా అనలేను. డబ్బు చాలక మానేసినవాళ్ళు కూడా 'నాకు కావలసింది అయిపోయింది' అనే అంటారు. కోరిక తగ్గించుకోవడం మనిషికి త్వరగా అలవాటవుతుంది. 1960లోనే బర్టన్ క్లార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని గురించి రాశాడు. అందరికీ తలుపు తెరిచే ఈ కాలేజీలే విద్యార్థి ఆశని మెల్లగా చల్లారుస్తాయని. వాళ్ళు తృప్తిగా ఉన్నారు కదా అని నేను చేతులు దులుపుకుంటే, ఆ చల్లార్చడంలో నాకూ భాగం ఉన్నట్టే."

"మరి ఈ లెక్కలన్నీ తీసి ఏం లాభం?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. న్యూయార్క్ సిటీ విశ్వవిద్యాలయం 2007లో కమ్యూనిటీ కాలేజీల్లో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దగ్గరుండి చూసుకునే సలహాదారు, పుస్తకాలు, ఆర్థిక సహాయం పోను మిగిలిన ఫీజు, బస్సుకీ రైలుకీ కార్డు. బేసిక్ కోర్సులు మళ్ళీ చదవాల్సిన పేద విద్యార్థులను తీసుకుని, లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేసి పరీక్షించారు. మూడేళ్ళకి కార్యక్రమంలో ఉన్నవాళ్ళలో 40 శాతం పూర్తిచేశారు, లేనివాళ్ళలో 22 శాతం. "వీళ్ళకి తెలివి లేదు, పట్టుదల లేదు" అన్న మాట అబద్ధమని అక్కడ తేలింది మామయ్యా. రైలు కార్డు ఇస్తే పట్టుదల వచ్చింది.

"బాగుంది," అన్నారాయన. "అందులో చేరాలంటే షరతులేమైనా ఉన్నాయా?"

"పూర్తికాలం చదవాలి."

ఆయన నా మొహంలోకి చూశారు. సాయంత్రం క్లాసుకి వచ్చే మనిషి అక్కడా బయటే ఉంది. నాకు ఎంతో ఇష్టమైన అధ్యయనం అది. ఆ షరతు ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది.

చీకటి పడుతోంది. మామయ్య అన్నారు: "రిటైరయ్యాక రెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చేశాను కదా. పదో తరగతి ఫలితాలు నూటికి నూరు రావాలనేవాళ్ళు. వచ్చాయి కూడా. ఎలా వచ్చాయో తెలుసా? జనవరిలో పరీక్ష పెట్టి, పాసవరు అనుకున్నవాళ్ళని పక్కకి పిలిచి, ప్రైవేటుగా కట్టుకోమన్నాం. లవం పెంచలేక హారం తగ్గించాం. ఆ జాబితా రాసింది నేనే. నలుగురు."

"వాళ్ళేమయ్యారు?"

"అదే ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. మీ లెక్కల్లో అన్యాయం ఉంది, కానీ మానేసిన పిల్ల పక్కన ఒక నంబరైనా ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఏమైందని అడిగేవాళ్ళున్నారు. నావాళ్ళ పక్కన ఏమీ లేదు. స్కూలు బోర్డు మీద నూటికి నూరు అని రాశారు, అంతే."

"మా దగ్గర నంబరే ఉంటుంది, పేరు ఉండదు. 1974 నుంచి చట్టం ఉంది, విద్యార్థి వివరాలు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. మా రిపోర్టుల్లో ఎవరి మొహమూ కనపడదు."

"నా దగ్గర పేర్లున్నాయి. ఇద్దరివి ఇంటిపేర్లతో సహా గుర్తున్నాయి. ఒకడి తండ్రికి రైల్వే గేటు దగ్గర సైకిల్ షాపు ఉండేది." టైమెంతయిందని అడిగారు. ఎనిమిది అన్నాను.

"అంటే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. మా హిందీ మాస్టారు ఆ గేటు దగ్గరే ఉంటారు. ఫోన్ కలుపు."